అక్క ఆడింది రెండు నిమిషాలే

మాఘమాసంలో ఆ పెళ్ళికి ఇక్కడి మహారాష్ట్ర తెలుగువాళ్ళం, మన సంఘం నుంచి నలభై మందిమైనా వెళ్ళాం కాబట్టి ఎవరి పెళ్ళో చెప్పక్కర్లేదు. పెళ్ళికొడుకు మనవాడు, పెళ్ళికూతురు సాతారా మరాఠీ పిల్ల. మర్నాడు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పడిన వీడియో కూడా మీరంతా చూసే ఉంటారు. పెళ్ళికొడుకు తల్లి, అంటే మన వరంగల్ అక్క, ఢోల్ తాషా డప్పుల మేళం ముందు ఆడుతోంది. దాని కింద ఒక పెద్దాయన, "మన ఆడవాళ్ళు కూడా రోడ్డెక్కారన్నమాట" అని రాశారు. ఆ మాటకి పదకొండు నవ్వుబొమ్మలు పడ్డాయి.

సాయంత్రానికి అక్క గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఉగాదికి రాలేదు. ఇన్నేళ్ళుగా మన ఉగాది పచ్చడి కలిపేది ఆవిడే. ఈసారి పచ్చడిలో ఉప్పెక్కువైందని విసుక్కున్నవాళ్ళు ఉన్నారు గానీ, ఆవిడెందుకు రాలేదని అడిగినవాళ్ళు లేరు.

ఆ పదకొండు బొమ్మల్లో ఒకటి నాది. చెయ్యి తగిలి పడిందని మా ఆయనతో చెప్పాను. తగిలి పడలేదు.

అసలు ఏం జరిగిందో, పక్కనే నిలబడ్డదాన్ని కాబట్టి చెప్తాను. మంగళాష్టకాలు, భోజనాలు అయిపోయాక సాయంత్రం వరాత్ బయలుదేరింది. మన ఊరేగింపే, కాకపోతే మన ఊరేగింపులో ఆడవాళ్ళు కారులో కూర్చుంటారు, వాళ్ళ వరాత్‌లో కారు ముందుంటారు. పెళ్ళికూతురి పిన్నులు, మేనత్తలు, పక్కింటివాళ్ళు, అందరూ నౌవారీ చీరల్లోనే. తొమ్మిది గజాల చీర కాళ్ళ మధ్యనుంచి తీసి వెనక దోపుతారు కదా, ఎంత ఎగిరినా కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడవు. మా నాయనమ్మ గోచీ కట్టు కట్టి నాట్లకు దిగేది, అదే గుర్తొచ్చింది.

పెళ్ళికూతురి ఆజీకి, అంటే అమ్మమ్మకో నాయనమ్మకో వాళ్ళనే మాట, డెబ్బై దాటి ఉంటాయి. చెప్పులు విప్పి మనవడి చేతికిచ్చింది. కొంగు నడుముకి బిగించింది. రెండు చేతులూ అడ్డంగా చాపి నా ముందుకొచ్చి నిలబడింది. ఫుగడీకి పిలుస్తోంది. పాదాలు పాదాలకు ఆనించి, చేతులు కత్తెరలా పట్టుకుని, వెనక్కి వాలి గిరగిరా తిరిగే ఆట. ఒప్పులకుప్ప! తెనాలిలో మా వీధి అరుగు ముందు పదకొండో ఏట వదిలేసిన ఆట, సాతారా ముసలమ్మ చేతుల్లో దొరికింది. నేనేం చేశాను? "నకో ఆజీ, మోకాళ్ళు" అన్నాను, వద్దని. నా మోకాళ్ళకు ఏ రోగమూ లేదు.

అక్క మాత్రం ముందుకొచ్చి ఆ చేతులు పట్టుకుంది. ముడి ఊడి జుట్టు ముఖం మీద పడినా ఆగలేదు. రెండు నిమిషాలు, అంతే. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని రొప్పుతూ నవ్వారు. వీడియోలో ఆ నవ్వు లేదు, తీసినవాళ్ళు అక్కడికి కత్తిరించారు.

మరాఠీవాళ్ళలో అంతా స్వర్గమని నేననను. నా పక్కనున్న మేనత్త ఒకావిడ ఆజీని చూస్తూ "లోక్ కాయ్ మ్హణతీల్" అని గొణిగింది. నలుగురూ ఏమనుకుంటారో అన్న మాటకు భాషతో పని లేదు. (పది నిమిషాల తర్వాత చూస్తే ఆవిడే లేజీమ్, ఆ గలగలలాడే తాళాల కర్ర, పట్టుకుని వరసలో ఉంది.) వాళ్ళ జానపద నృత్యం లావణి ఆడే స్త్రీకి ఈల వేసి, ఇంటికొచ్చి ఆమె కులం గురించి మాట్లాడే మగవాళ్ళు ఇక్కడా ఉన్నారు. బార్లలో ఆడపిల్లల డాన్సును 2005లో నిషేధించిన రాష్ట్రమిది. పెద్ద స్టార్ హోటళ్ళకు మాత్రం మినహాయింపు! ఆ నిషేధం చెల్లదని 2013లో సుప్రీంకోర్టు చెప్పేదాకా అలాగే నడిచింది.

మనకీ ఇలాంటి చరిత్రే ఉంది. మన పెళ్ళిళ్ళలో భోగం మేళం పెట్టించుకుని చూసిన తాతలే, ఇంటి ఆడవాళ్ళు అడుగు కదిపితే ఆ పేరు పెట్టి తిట్టారు. వీరేశలింగంగారు ఆ మేళాల మీద యుద్ధం చేశారు. మేళాలు పోయాయి, తిట్టు మాత్రం మిగిలిపోయింది. ఆయన తప్పు కాదనుకోండి.

"వాళ్ళ ఆచారం వాళ్ళది, మనది మనది" అన్నారు పెద్దాయన. సరే, ఆచారమే చూద్దాం. శ్రావణ మంగళవారాలు వాళ్ళకూ మనకూ ఒకే రోజు వస్తాయి. గౌరమ్మా ఒకటే. కొత్త కోడళ్ళు ఐదేళ్ళు పట్టే నోమూ ఒకటే. మనం పిండి జ్యోతుల మీద అట్లకాడ పెట్టి కాటుక పడతాం, నానిన శనగలు వాయనమిస్తాం, చీకటి పడకముందే ఇళ్ళకు చేరతాం. వాళ్ళు పూజయ్యాక రాత్రంతా జాగారం చేసి ఝిమ్మా, ఫుగడీ ఆడతారు, అత్తలూ కోడళ్ళూ కలిసి. మన అమ్మవారు ఆడొద్దని చెప్పినట్టు ఏ కథలోనూ నేను చదవలేదు. అక్క ఊళ్ళో బతుకమ్మ చుట్టూ, మా ఊళ్ళో గొబ్బెమ్మల చుట్టూ తిరిగిన కాళ్ళు ఎవరివి?

పెద్దాయన మాటల్లో ఒకటి మాత్రం నిజం. ఆ వరాత్‌లో తాగినవాళ్ళు ఉన్నారు, ఫోన్లు ఎత్తి తీసినవాళ్ళు ఉన్నారు. అయితే చెప్పాల్సింది వాళ్ళకి కదండీ? ఇంకో మాట. మన ఉగాది వేదిక మీద ఎనిమిదేళ్ళ పిల్లలు సినిమా ఐటం పాటకి నడుము తిప్పితే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది మనమే. కొడుకు పెళ్ళిలో తల్లి ఆడితే రోడ్డెక్కినట్టా?

కార్యవర్గానికి నా మనవి ఇది. ఈ శ్రావణంలో ఒక్క మంగళవారం హాలు ఇవ్వండి. అద్దె నేను కడతాను. శనగలు నానబోయడం నా వంతు. కుర్చీలు గోడవారకు జరిపించండి, ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెట్టించండి. ఆజీని సాతారా నుంచి తీసుకొస్తానని పెళ్ళికొడుకు మాటిచ్చాడు. ఆవిడ చేతులు చాపితే ఈసారి నేనే పట్టుకుంటాను.

నిన్న అక్కకి ఫోన్ చేసి, నవ్వుబొమ్మ సంగతి కూడా చెప్పేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పచ్చట్ల ఉప్పు ఎక్కువైందట కదా" అంది. మంగళవారం గురించి చెప్తే, "ఆ పెద్దమనిషి వస్తడా?" అని అడిగింది.

వస్తారా, బాబాయిగారూ?