ఆర్చి వద్దు, ఆ డబ్బు వాళ్ల చేతికే ఇద్దాం

మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో ఆ స్లైడ్ వేసినప్పుడు మీలో చాలామంది హాల్లోనే ఉన్నారు కాబట్టి వివరంగా చెప్పక్కర్లేదు. నేపాల్‌లోని జాజర్‌కోట్‌లో వచ్చిన భూకంపం బాధితుల కోసం దీపావళి నైట్‌లో మనం పోగేసిన డబ్బుతో అక్కడ ఒక ఊరిని దత్తత తీసుకుని మోడల్ విలేజ్ కట్టిస్తారట. ఒకే సైజు ఇళ్లు, ఒకే రంగు, వరసగా, ఊరి మొదట్లో మన సంఘం పేరుతో ఆర్చి, దాని పక్కన దాతల పేర్లతో శిలాఫలకం. నేను లేచి, మనం కట్టించే బదులు ఆ డబ్బు విడతలవారీగా వాళ్లకే ఇచ్చి వాళ్లనే కట్టుకోనిద్దామండీ అన్నాను. ఒక పెద్దాయన, నేను ఎంతో గౌరవించే మనిషి, మైకు అందుకుని "చేతికిస్తే తాగేస్తారయ్యా, మన ఊళ్లలో చూళ్లేదా" అన్నారు. హాలంతా నవ్వింది. తర్వాత పిల్లల డాన్స్ మొదలైంది, ఆ విషయం అక్కడితో అయిపోయింది.

నాకు అయిపోలేదు. ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

1993లో నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నా. సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం చేసుకుని అలిసిపోయి జనం నిద్రపోతున్న వేళ, మహారాష్ట్రలో లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల్లో భూమి కదిలింది. కిల్లారి చుట్టుపక్కల ఊళ్లు నేలమట్టమైపోయాయి, దాదాపు 8,000 మంది పోయారు. మా కాలేజీ నుంచి బట్టలు, బియ్యం వేసుకుని వెళ్లిన లారీలో నేనూ ఉన్నా. చంపింది ఇళ్లే. బాగా మందమైన రాతి గోడలు, మధ్యలో మట్టి, పైన ఎండ ఆపడానికి అడుగుల మందాన మట్టి కప్పు. గోడకి లోపలి పొర వేరు, బయటి పొర వేరు, రెంటినీ కలిపి పట్టే పొడుగు రాయి లేదు, ఊగేసరికి రెండూ చెరోవైపు విడిపోయి కప్పంతా మంచాల మీద పడింది.

ఉద్యోగంలో చేరాక పని మీద మళ్లీ అటు వెళ్లాల్సి వచ్చింది, అప్పటికి కొత్త ఊళ్లు లేచాయి. బాగా దెబ్బతిన్న 52 ఊళ్లని పాత చోటు నుంచి కదిపేసి, వరల్డ్ బ్యాంక్ సాయంతో, దాతల సాయంతో కొత్తగా కట్టారు. మ్యాప్ మీద గళ్లు గీసినట్టు తిన్నని వీధులు, వెడల్పు రోడ్లు. ఎంత పొలం ఉంటే అంత ఇల్లు, భూమి లేనివాళ్లకి 250 చదరపు అడుగులు, చిన్న రైతులకి 400, పెద్ద రైతులకి 750. అంటే పొలం లెక్కన ఇల్లు వచ్చిందే కానీ ఎవరి పక్కన ఎవరు బతికేవాళ్లన్న లెక్కన కాదు. ఒక పెద్దావిడ ఇంటి ముందు కాసేపు కూర్చున్నా. ఆవిడ మరుదులు ఇద్దరూ పాత ఊళ్లో ఒకే వాకిట్లో ఉండేవాళ్లంట, ఇప్పుడు ఒకరు ఊరి ఆ చివర, ఇంకొకరు ఎక్కడో మధ్యలో. పొలం దూరమైంది. తలుపు తీస్తే నేరుగా రోడ్డు, కోడలు స్నానం చెయ్యాలంటే నాలుగు గోనెపట్టాలు కట్టుకోవాలి. కొత్త కాంక్రీటు గదిలో జొన్న బస్తాలు, దాణా పెట్టి, ముందు రేకుల షెడ్డు వేసుకుని మనుషులు అందులో ఉంటున్నారు, గేదె కూడా అక్కడే. నేను ఇంజనీర్ని అని తెలిసి ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న, "బాబూ, ఈ గోడకి మేకు కొడితే ఇల్లు పడిపోతుందా?"

పాత ఇంట్లో ఏ దూలం ఎప్పుడు మార్చారో కూడా చెప్పగలిగిన మనిషి, సొంత ఇంటి గోడకి మేకు కొట్టడానికి భయపడుతోంది, ఎందుకంటే ఆ ఇంట్లో ఒక్క ఇటుక కూడా వాళ్లు పెట్టలేదు, ఎలా కడుతున్నారో ఎవరూ వాళ్లకి చెప్పలేదు. తలుపు ఎటు ఉండాలని అడగలేదు, గేదెని ఎక్కడ కట్టేస్తావమ్మా అని అడగలేదు. కట్టినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, రాత్రింబవళ్లు కష్టపడ్డారు. కానీ ఊరంటే ఇళ్ల వరస అనుకున్నారు. విచిత్రమేంటంటే అదే ప్రోగ్రాంలో, కదపని ఊళ్లలో లక్షకి పైగా ఇళ్లని వాటి యజమానులే డబ్బు, సామాను తీసుకుని బాగుచేసుకున్నారు. దాని గురించి ఎవరూ స్లైడ్ వెయ్యరు, ఎందుకంటే అక్కడ ఆర్చి లేదు.

గుజరాత్‌లోని కచ్ సంగతి చూడండి. 2001 జనవరి 26, రిపబ్లిక్ డే పొద్దున అక్కడ భూకంపం వచ్చింది. గుజరాత్ ప్రభుత్వం మొదట ఊళ్లని కదుపుదామనే అనుకుంది, చాలా ఊళ్ల జనం మేం కదలం అన్నారు. చివరికి డబ్బు విడతల్లో ఇచ్చారు, ఒక దశ పని అయ్యాక ఇంజనీర్ వచ్చి చూస్తేనే తర్వాతి విడత. మేస్త్రీలకి ట్రైనింగ్ ఇచ్చారు, గోడల్ని చుట్టూ కలిపి పట్టే బ్యాండ్ ఏ ఎత్తులో వెయ్యాలి, మూలల్లో ఇనుము ఎలా వంచాలి అని. దాదాపు 2 లక్షల ఇళ్లు అలా లేచాయి. కొన్ని ఊళ్లని సంస్థలు దత్తత తీసుకుని కాంట్రాక్టర్లతో కట్టించాయి. జెన్నిఫర్ డయిన్ బారెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు ఈ పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, తమ ఇల్లు తామే కట్టుకున్నవాళ్లే ఎక్కువ తృప్తిగా ఉన్నారు, ఊరిని కొత్త చోట కాంట్రాక్టర్ కట్టించిన దగ్గరే అసంతృప్తి అందరికంటే ఎక్కువ.

ఊరు మార్చుకోవాల్సి వచ్చినా వాళ్లే మార్చుకోవాలి. కచ్‌లోనే ధమడ్కా ఊళ్లో అజ్రక్ అనే అచ్చుల బట్టల అద్దకం చేసే ఖత్రీ కుటుంబాలవాళ్లు భూకంపం తర్వాత అక్కడి నీళ్లు అద్దకానికి పనికిరాకుండా పోతే, తామే వేరే చోట భూమి చూసుకుని అజ్రక్‌పూర్ అని కొత్త ఊరు పెట్టుకున్నారు. కొందరు పాత ఊళ్లోనే ఉండిపోయారు. అద్దకానికి ఎలాంటి నీళ్లు కావాలో హాల్లో కూర్చుని స్లైడ్ చేసే మనకెలా తెలుస్తుంది?

డబ్బు ఇచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయని నేననట్లేదు. 2015 భూకంపం తర్వాత నేపాల్ ప్రభుత్వం ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతల్లో ఇచ్చింది, అది చాలక చాలామంది తర్వాతి విడత పోకుండా ఉండటానికి ఒక్క గది కట్టి ఊరుకున్నారు, దాన్లో సరిపడక పగుళ్లిచ్చిన పాత ఇంట్లోనే ఉన్నవాళ్లూ ఉన్నారు. భూమి కాగితాలు లేనివాళ్లు లిస్టుకే ఎక్కడం కష్టమైంది. కుర్రాళ్లు గల్ఫ్‌లోనో మలేషియాలోనో ఉంటే రాయి మోసేదెవరు? ముసలివాళ్లకి, ఒంటరి ఆడవాళ్లకి చేతిలో డబ్బు పెట్టి చేతులు దులుపుకుంటే అది సాయం కాదు, వాళ్లకి మేస్త్రీని, కూలీని మనమే కుదిర్చి పెట్టాలి. జాజర్‌కోట్‌లో 2023 నవంబర్ 3 రాత్రి 150 మందికి పైగా పోయారు, మట్టితో కట్టిన రాతి ఇళ్లే అక్కడా, కిల్లారిలో లాగే. కాబట్టి కొండల్లో రాయితో, మట్టితో కూడా కూలకుండా కట్టడం నేర్పే మేస్త్రీ కావాలి, ఆర్చి మీద పెట్టే ఖర్చుతో ఎంతమంది మేస్త్రీలకి ట్రైనింగ్ ఇవ్వచ్చో ట్రెజరర్ గారు ఒకసారి లెక్క వెయ్యాలి.

ఇక తాగేస్తారు అన్న మాట. మనలో సొంతంగా ఇల్లు కట్టించుకున్నవాళ్లకి మనం ఉంటున్న ఈ దేశంలో బ్యాంకు డబ్బు ఎలా ఇచ్చింది? ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇంత పని అయింది అంటే ఇంత విడత. మా నాన్న కూడా హౌసింగ్ లోన్ విడతల్లో తీసుకునే ఇల్లు కట్టాడు, పునాది రోజు నుంచి రాత్రుళ్లు సిమెంటు బస్తాల దగ్గరే పడుకునేవాడు. ఆయన్ని ఎవరూ తాగేస్తాడేమో అని అడగలేదు. పొలంలో పండిన గింజలు రాళ్ల కింద పోయి, టార్పాలిన్ కింద చలికాలం గడిపిన మనిషిని మాత్రం మనం అడుగుతాం. మన ఊళ్లలో తాగేవాళ్లు లేరా, ఉన్నారు. అప్పు చేసైనా పిల్లల నెత్తిన కప్పు వేసినవాళ్లు అంతకంటే చాలా ఎక్కువమంది ఉన్నారు, మనలో సగంమంది ఆ కప్పుల కింద చదువుకునే ఇక్కడికొచ్చాం. అనుమానం ఉంటే డబ్బు భార్యాభర్తలిద్దరి పేరునా ఉన్న ఖాతాలో వేద్దాం, అది చాలా తేలిక.

పేరు మీద మనకుండే మమకారం నాకు అర్థమవుతుంది. గుడికి ఫ్యాన్ ఇచ్చినా రెక్క మీద పేరు రాయించే ఊళ్ల నుంచి వచ్చాం, అందులో ప్రేమ కూడా ఉంది, మా తాతని తలుచుకోండి అన్న ఆశ ఉంది. దాతల పేర్లు మన మ్యాగజైన్‌లో రెండు పేజీలు వేద్దాం, సంతోషంగా. ఆ ఊరి మొదట్లో మాత్రం వద్దు. వాళ్ల ఊరికి పేరుంది.

తీర్మానం ఇంకా ఫైనల్ కాలేదని విన్నా. దయచేసి జనరల్ బాడీ మీటింగ్‌కి రండి. ఇళ్ల డబ్బు విడతల్లో నేరుగా కుటుంబాలకి, కొంత మేస్త్రీల ట్రైనింగ్‌కి, కొంత పశువుల కొట్టాలకి, విత్తనాలకి, తాగునీటి పైపులకి, కట్టుకోలేనివాళ్లకి మాత్రం మనిషి సాయం, ఇలా మార్చమని నేను సవరణ పెడుతున్నా. దానికి బలపరిచే సభ్యులు కావాలి, రాలేనివాళ్లు తమ తరఫున ఇంకొకరికి ఓటు అప్పగించే ప్రాక్సీ కూడా చెల్లుతుంది, ఫారం సెక్రటరీ గారి దగ్గర దొరుకుతుంది.