పాత పికప్పుకు అల్లుళ్ళుగా వస్తున్న జోడు స్పీకర్లకు

అనంతపురం.

మహారాజశ్రీ కుడి స్పీకరు గారికి, అంతకు ఏమాత్రం తీసిపోని మహారాజశ్రీ ఎడమ స్పీకరు గారికి,

ఎవరో ఒకరి పేరు ముందు రాయక తప్పదు. మీ గొడవ ఇక్కడే మొదలవుతుందని తెలుసు. తోడల్లుళ్ళు కదా! ఒకరికి పట్టుపంచె, ఇంకొకరికి నూలుపంచె పెడితే ఒప్పుకోరు. ఇద్దరూ మామకు, అంటే బండి తోలే నాకు, సమాన దూరంలో కూర్చోవాలి, ఇద్దరి మాటా ఒకే క్షణంలో ఆయన చెవిన పడాలి. ఆ మర్యాద జరిగితే స్టీరియో, జరక్కపోతే వట్టి మోత.

మీరు కాలు పెట్టబోయేది మా చీనీకాయల (బత్తాయిల) పికప్పులో. అందులో మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే ఈ జాబు. కంపెనీ పేరు ఎందుకులెండి. ఎనిమిదేళ్ళు దాటిన బండికి ఏటేటా ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, తప్పదు. మాది ఆ వయసు దాటి చానా కాలమైంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు లైట్లు చూస్తాడు, బ్రేకులు చూస్తాడు, హారన్ కొట్టి చూస్తాడు. పాట ఎక్కడి నుంచి వస్తుందని ఇంతవరకు అడగలేదు. బండి చేసినవాళ్ళూ ఆలోచించలేదు. సరుకు తోలేవాడికి రెండు చేతులు, రెండు కాళ్ళు ఉంటాయని లెక్క వేసుకున్నారు, చెవుల సంగతి వాళ్ళ డ్రాయింగులోకి రాలేదు. అందుకే డోరులో రంధ్రం లేదు, డ్యాష్‌బోర్డులో జాలీ లేదు, సీటు వెనక జానెడు జాగా లేదు.

స్పీకర్లు బిగించే అంగట్లో మాత్రం మొదట చూపించేది ఆ సీటు వెనక చోటే. అక్కడి పిల్లోడు చేతిలోకి రంపపు మిషను ముందు తీసుకుంటాడు, కొలత టేపు కోసం తర్వాత వెతుకుతాడు. "సీటెనక పడేద్దాంలేన్నా, బాసు అదిరిపోతాది" అంటాడు. వాడు చూపించేవి ఆరు బై తొమ్మిది అంగుళాల కోల స్పీకర్లు. కారులో వెనక అద్దం కింద పలక, ఆ పలక కింద మూసిన డిక్కీ ఉంటాయి కాబట్టి వాటికక్కడ సాగుతుంది. మా సీటు వెనక ఉండేవి జాకీ, వీల్ స్పానరు, మడతపెట్టిన పట్ట. పెట్టె లేకుండా ఊరికే బిగిస్తే, స్పీకరు ముందుకు తోసిన గాలిని దాని వెనక వైపు అలే చెరిపేస్తుంది, బాసు, అంటే ఆ బరువైన శబ్దం, పుట్టినచోటే చస్తుంది. పెట్టె కట్టిద్దామంటే సీటు ముందుకు జరగాలి, స్టీరింగు నా పొట్టలో దిగాలి. ఇదంతా ఓర్చుకున్నా పాట మెడ వెనక నుంచి వస్తుంది. మామ వీపుతో మాట్లాడే అల్లుళ్ళను నేనైతే ఎక్కడా చూడలేదు.

టాపు సంగతి ఎత్తొద్దు. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం గుత్తి రోడ్డులో ఆ రేకు మీద చెయ్యి పెట్టి, అప్పుడు మాట్లాడండి.

డ్యాష్‌బోర్డు మీద కదిరి నరసింహస్వామి ఉన్నాడు. ఆయన పక్కన నిమ్మకాయ, దాని పక్కన మార్కెట్ యార్డు చీటీలు. స్వామిని జరిపి మిమ్మల్ని కూర్చోబెట్టే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. జరిపినా అక్కడ పట్టేవి నాలుగంగుళాల చిన్నవే, వాటికి బాసు ఉండదు. పైగా శబ్దం ముందు అద్దానికి తగిలి తిరిగొచ్చి అసలు మాటతో కలిసి దాన్ని మసకబారుస్తుంది. అయితే మీతో వచ్చిన, సన్నటి శబ్దం పలికే బుల్లి ట్వీటర్లకు మాత్రం అక్కడే, రెండు మూలల్లో చోటిస్తాను. సన్నటి శబ్దం తిన్నగా పోతుంది, మోకాలు అడ్డమొస్తే ఆగిపోతుంది. కాబట్టి దాన్ని ఎత్తున పెట్టాల్సిందే. బాసుకు ఆ పట్టింపు లేదు, అది కింద నుంచి వచ్చినా ఎక్కడి నుంచి వచ్చిందో చెవి పెద్దగా పట్టించుకోదు.

ఇక అసలు పేచీకి వద్దాం. స్టీరియో మర్యాదలు రాసిపెట్టిన వాళ్ళలో మొదటివాడు ఆలన్ బ్లమ్‌లీన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. సినిమా హాల్లో నటుడు తెర మీద ఒక పక్కనుంటే గొంతు ఇంకో పక్క నుంచి రావడం ఆయనకు నచ్చలేదట. 1931లో దానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మంచిదే. కానీ ఆ పెద్దమనిషి లెక్కలో వినేవాడు మధ్యన కూర్చుంటాడు. మా క్యాబిన్‌లో మధ్యన కూర్చునేది గేరు రాడ్డు. నేనేమో కుడి డోరుకు ఆనుకొని ఉంటాను. కుడి డోరులో కూర్చున్న అల్లుడు నాకు సుమారు 90 సెంటీమీటర్ల దూరం, ఎడమ డోరులోవాడు 140. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఈ అర మీటరు తేడాకు ఎడమవాడి మాట సెకనులో వెయ్యో వంతు, దాని మీద ఇంకో సగం ఆలస్యంగా చేరుతుంది. అంతమాత్రానికేముంది అనుకుంటాం గానీ, చెవి ముందొచ్చిన మాటనే నమ్ముతుంది. పాటంతా కుడివాడే పాడుతున్నట్టు ఉంటుంది, ఎడమవాడు అలుగుతాడు. బ్యాలెన్సు మీట ఎడమకు తిప్పి వాడి గొంతు పెంచొచ్చు, ఆలస్యాన్ని మాత్రం అది తీర్చలేదు. దగ్గరివాడి మాటను కాస్త ఆపి వదిలే సౌకర్యం పాటలు పలికించే డెక్కుల్లో కొత్త రకం వాటికి కొన్నింటికి ఉంది. మా డెక్కుకు ఉన్నది ఒక మీట, ఒక బొక్క.

మరి మా బండిలో సిసలైన స్టీరియో వినే భాగ్యం ఎవరిదనుకున్నారు? గేరు రాడ్డును మోకాళ్ళ మధ్య పెట్టుకొని, మూడో మనిషిగా ఇరుక్కున్న హమాలీది. కుడి నుంచి ఎంతో ఎడమ నుంచి ఇంచుమించు అంతే. బ్లమ్‌లీన్ దొర చూస్తే ఆ సీటుకు దండం పెట్టేవాడు. మా హమాలీ బండి ఊరు దాటకముందే గుర్రు పెడతాడు.

మీ జాతిలోనే ఇంకొకడున్నాడు, క్యాబిన్ నెత్తిన రేకు గరాటా పెట్టుకొని "ఎర్రగడ్డలోయ్ ఎర్రగడ్డలు" అని ఉల్లిపాయల కోసం వీధివీధికీ అరిచేవాడు. వాడు ఒక్కడే, తోడల్లుడు లేడు, ఏ దూరాలూ కొలవక్కర్లేదు, వానకు ఎండకు చలించడు. పికప్పు కోసమే పుట్టినవాడు. ఆ గరాటా మర్యాదలు నేర్చుకోమని మీకు చెప్పను గానీ, ఒకసారి తలెత్తి చూడండి.

కాళ్ళ దగ్గరి పక్కరేకుల్లో పెట్టమని తెలిసినవాళ్ళు చెబుతారు. అది సరైన సలహానే. ఇద్దరూ ముందుకు, దూరంగా పోతారు కాబట్టి మీ దూరాల మధ్య తేడా తగ్గుతుంది. కాకపోతే కుడి పక్క ఎక్సలేటరు ఉంది, దాని మీద బురద చెప్పుతో నా కాలు ఉంది. ఎడమ పక్క నీళ్ళ క్యాను, క్యారేజీ, ఒక్కోసారి కోడిపుంజు. అల్లుణ్ణి రోజూ చెప్పుకాలితో పలకరిస్తే ఊళ్ళో ఏమనుకుంటారు?

మిగిలింది డోరు, దాని కింది భాగం, ముందు మూల. నా తీర్పు అదే. అయితే రంపం తీయకముందు చేయాల్సింది ఒకటుంది. అద్దం పూర్తిగా దించాలి. అద్దం ఎత్తి కొలిచినవాడికి డోరు లోపలంతా ఖాళీగానే కనిపిస్తుంది. బిగించాక, టోల్‌గేటు దగ్గర అద్దం దించితే అది నేరుగా అయస్కాంతం మీద కూర్చుంటుంది. మీలాంటి ఆరున్నర అంగుళాల స్పీకరుకు లోపల ఐదున్నర నుంచి ఏడు సెంటీమీటర్ల లోతు కావాలి. దించిన అద్దానికి, లోపలి రేకుకు మధ్య అంత లేకపోతే ప్లైవుడ్డుతో ఉంగరం కోయించి మిమ్మల్ని కొంచెం బయటికి జరుపుతాను. అద్దం తిప్పే పిడి మీ ముక్కుకు తగలకుండా తిరుగుతుందో లేదో కూడా అప్పుడే చూడాలి.

డోరులో నీళ్ళొస్తాయని ఎవరైనా భయపెడితే నమ్మండి. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే జిల్లా ఇది. చేను ఎండుతుంది, చెరువు ఎండుతుంది, పడిన ఆ నాలుగు చినుకులు మాత్రం అద్దం పక్క రబ్బరు సందులోంచి తిన్నగా డోరులోకే దిగుతాయి. అవి బయటికి పోవడానికి డోరు అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. స్పీకరు పెట్టే ఉత్సాహంలో వాటిని మూసేసిన పనివాళ్ళు ఉన్నారు. తర్వాత డోరు లోపల్నుంచి తుప్పు పడుతుంది, బయటివాడికి తెలిసేసరికి రేకు చేతికొస్తుంది. రంధ్రాలు తెరిచే ఉంచుతాను, మీ నెత్తిన ప్లాస్టిక్ చూరు దింపుతాను. తీగలు డోరు మడత దగ్గర కోసుకుపోకుండా రబ్బరు గొట్టంలోంచి తెప్పిస్తాను. ఇంతకంటే అత్తగారింటి మర్యాద ఏముంటుంది?

మా డోరు గట్టిగా కొడితేగాని పడదు. కొట్టినప్పుడల్లా మీ పళ్ళు కదులుతాయి, అలవాటు చేసుకోండి. రేకు కూడా మీతో కలిసి పాడబోతుంది, దాని నోరు మూయించడానికి లోపల తారు షీటు అంటిస్తాను.

మీవైపు నుంచి నాకు కావాల్సింది ఒకే మాట మీద ఉండడం. ఒకరి తీగలు ప్లస్సుకు మైనస్సు తిరగబడితే, ఒకరు ముందుకు తోస్తుంటే ఇంకొకరు వెనక్కి లాగుతారు. ఇద్దరూ కష్టపడుతూనే ఉంటారు, బాసు మాత్రం మాయమవుతుంది. అంగడి పిల్లోడు అప్పుడు "ఇంకో పెద్ద వూఫరు పెడదామన్నా" అంటాడు గానీ, తీగ తిప్పి చూద్దామని అనడు.

ముహూర్తానికి ముందు చెప్పాల్సిన సంగతి ఇంకొకటి. మా నాయన బండెక్కితే డెక్కు ఆయన చేతికి పోతుంది. ఆయనకు కావాల్సింది ఆకాశవాణి కడప కేంద్రం, మీడియం వేవు, వ్యవసాయ కార్యక్రమం. అందులో కుడి లేదు, ఎడమ లేదు. ఎరువుల మోతాదు ఇద్దరూ కలిసి ఒకే గొంతుతో చెప్పాలి. అప్పుడు ఎవరూ అలగకూడదు.

ఇట్లు,
మీ మామ,
అనంతపురం మార్కెట్ యార్డుకు చీనీకాయలు తోలేవాడు

తా.క.: మీ పెట్టె మీద 300 వాట్లు అని రాసుంది. డెక్కు నిలకడగా ఇవ్వగలిగేది ఒక్కొక్కరికి 15 నుంచి 20. ఊళ్ళో ఎవరితోనూ ఈ విషయం అనకండి, మా బావమరిదికి 300 అనే చెప్పాను.