వైఫై డబ్బాల ఎన్నికల సంఘానికి ఒక విన్నపం

గోడ మీద మిణుకుమంటూ కూర్చున్న యాక్సెస్ పాయింట్లను, అదే వైఫై పంచే డబ్బాలను, తక్కువ అంచనా వేయకండి, అక్కడ రెండు సెకన్లకోసారి రాజుగారు "నేనింకా ఉన్నాను" అని చాటింపు వేయిస్తుంటారు. ఈ రాజ్యాంగం పేరు స్పానింగ్ ట్రీ, అంటే నెట్‌వర్క్ డబ్బాల మధ్య డేటా గిరగిరా తిరగకుండా దారులు తేల్చే పద్ధతి. 1985లో రేడియా పెర్ల్‌మన్ రాశారు, 1990లో ప్రమాణాలు ఖరారు చేసే సంస్థ ఐఈఈఈ 802.1డి పేరుతో ముద్ర వేసింది.

డబ్బాలకు రాజ్యాంగమెందుకంటే, ఈథర్నెట్ ఫ్రేముకి, అంటే డబ్బాల మధ్య తిరిగే డేటా మూటకి, చావు లేదు. ఇంటర్నెట్‌లో తిరిగే ఐపీ ప్యాకెట్టుకి ఇన్ని మజిలీల తర్వాత నీ పని అయిపోయిందని నుదుటిన రాసుంటుంది, దీనికి ఆ రాత లేదు. దారులు గుండ్రంగా కలిసి లూప్ పడిందా, అందరికీ పంపే ఒక్క బ్రాడ్‌కాస్ట్ సందేశం పుకారులా తిరిగి తిరిగి, మలుపు మలుపుకీ రెట్టింపై, నెట్‌వర్క్ మొత్తాన్ని ముంచేస్తుంది.

అందుకే ఎన్నికలు. కరెంటు రాగానే ప్రతి డబ్బా "నేనే రూట్" అని ప్రకటించుకుంటుంది (ఇక్కడ రూటంటే దారి కాదు, చెట్టు వేరు; గెలిచి రాజయ్యేది అదే). తక్కువ ప్రయారిటీ నంబరున్నవారిదే గెలుపు. కానీ ఫ్యాక్టరీ నుంచి అందరూ 32768తోనే దిగుతారు, దాన్ని మార్చాలంటే ఎవరో సెట్టింగ్స్ తెరవాలి, ఎవరు తెరుస్తారు? టై. అప్పుడు మ్యాక్ అడ్రస్, అంటే పుట్టుకతో వచ్చిన నంబరు చూస్తారు. చిన్న నంబరుదే సింహాసనం. ఒకే కంపెనీ సరుకైతే చిన్న నంబరు చాలాసార్లు పాతదానిదే కాబట్టి, మూలన దుమ్ము కొట్టుకుపోయిన ముసలి డబ్బా రాజవుతుంది, నిన్న కొన్న ఖరీదైనది దాని ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది. స్పీడెంత అని ఒక్కరూ అడగరు!

తర్వాత అందరూ రాజుగారి దగ్గరికి ఒక్క దారి ఉంచుకుని మిగతావి మూసేస్తారు. డబ్బు పోసి వేయించిన కేబుల్ శుభ్రంగా పనిచేస్తూనే బ్లాకై కూర్చుంటుంది. అవసరానికి పనికొచ్చే అదనపు దారి అని, దీనికి రిడండెన్సీ అని గౌరవమైన పేరు.

డబ్బాలు ఒకదానికొకటి గాల్లోనే కబురందించుకునే, కేబుల్ లేని మెష్‌లో కథ ఇంకా బాగుంటుంది. వైరు తగిలిన డబ్బాయే రూట్, మిగతావి సిగ్నల్, అంచెలు లెక్కేసుకుని తలా ఒక పేరెంట్‌ని పట్టుకుంటాయి. ఒకే రేడియో మీద వినాలి, దాని మీదే మళ్లీ చెప్పాలి, కాబట్టి అంచెకి వేగం దాదాపు సగం. మూడో అంచెలో ఉన్నవాడికి ఫుల్ సిగ్నల్ గీతలు కనిపిస్తాయి, వీడియో కనిపించదు.

ఇక రాజు పోతే? పాత పద్ధతిలో 20 సెకన్లు ఎదురుచూపు, 15 వినడం, 15 నేర్చుకోవడం, మొత్తం 50 సెకన్ల సంతాపం. 2001లో ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ వచ్చాక ఏడుపు తొందరగా ముగిస్తున్నారు.

ఇదంతా చూశాక నేను ఒక మంచి స్విచ్‌కి, అంటే కేబుళ్లన్నీ కలిపే డబ్బాకి, 4096 ప్రయారిటీ పెట్టేశాను, ఇక అదే గెలుస్తుంది. రిగ్గింగ్ కదా అంటారేమో, నెట్‌వర్క్ ఇంజినీర్లు దీన్ని బెస్ట్ ప్రాక్టీస్ అంటారండీ.