శ్రీ ఇంకో పదివేలు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ ఇంకో పదివేలు గారికి,

నమస్కారం అండి. మీకు ఇల్లూ వాకిలీ పిన్‌కోడూ ఏమీ లేవు కాబట్టి ఈ ఉత్తరం ఏ అడ్రసుకి పంపాలో తెలీక ఇలా అందరి ముందూ పెట్టేస్తున్నా. ఎలాగూ మీకు చేరుతుందిలెండి, మనిషన్నవాడు ఏదన్నా కొందామని పర్సు తీస్తే చాలు, పక్కన మీరు ప్రత్యక్షం. బండి కొన్నప్పుడూ మీరే, ఫ్రిజ్ కొన్నప్పుడూ మీరే, ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే మాత్రం కాస్త ఒళ్ళు చేసి, ఇంకో పది లక్షలు అని పేరు మార్చుకుని వస్తారు. చిన్నప్పట్నుంచీ చూస్తున్న మొహం కాబట్టి కోపమేం లేదు. కానీ ఈ కెమెరా విషయంలో మీరు చేసింది మరీ ఎక్కువైంది, అది మాట్లాడుకుందాం.

నేను అడిగింది చాలా చిన్నది. ప్యాంటు జేబులో పట్టే కెమెరా. ఫోన్ కన్నా కొంచెం బాగా తియ్యాలి, ఎక్కడికెళ్ళినా జేబులో ఉండాలి, అంతే. కోఠిలో ఒక షాపుకి వెళ్ళి ఇదే చెప్పా. కౌంటర్ వెనకాల కుర్రాడు ఒక బుల్లి కెమెరా తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు, నేనింకా చెయ్యి వెయ్యనేలేదు, "ఇది వద్దు అన్నా, ఇంకో పదివేలు ఏస్కుంటే వన్ ఇంచ్ సెన్సర్ వస్తది" అన్నాడు. (సెన్సర్ అంటే కెమెరా లోపల బొమ్మ పడే చిప్పు, పెద్దదైతే వెలుతురు ఎక్కువ పడుతుంది.) అదిగో, వచ్చేశారు తమరు. సరే వన్ ఇంచ్‌ది చూపించు అంటే చూపించి, "గింత పెట్టినంక ఇంకో పదివేలు ఏస్తే మిర్రర్‌లెస్సే వస్తది గదా అన్నా, లెన్సులు మార్చుకోవచ్చు" అన్నాడు. ఇంటికొచ్చి గుంటూరు బాబాయికి ఫోన్ చేస్తే, "ఎట్టాగూ అంత పెడతన్నావు గదరా, ఇంకో పదివేలేసి మంచి మోడలే తీసుకో, మళ్ళీ మళ్ళీ కొంటామా ఏంటి" అన్నాడు. ఆఫీసులో కొలీగ్ ఏమో ఏపీఎస్-సీ ఎందుకు బ్రో, ఇంకొంచెం వేసి ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్ళిపో అని (ఏపీఎస్-సీ, ఫుల్ ఫ్రేమ్ అనేవి సెన్సర్ సైజులు, రెండోది ఇంకా పెద్దది). ఆఖరికి డల్లాస్‌లో ఉన్న బావ, "డిసెంబర్లో వస్తున్నా, బ్లాక్ ఫ్రైడేకి నేను కొనుక్కొస్తే నీకు ఇంకో పదివేలు మిగుల్తాయి, దాంతో లెన్స్ తీసుకో" అన్నాడు. అంటే మిగలడంలో కూడా మీరేనా సార్! అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ ఉంటుందా బావా అని అడిగితే సిగ్నల్ పోయింది.

ఇంకో సంగతి, మీ పేరు పదివేలే గానీ మీరు ఎప్పుడూ పదివేలు లేరు. ఒక మెట్టుకి పాతికవేలు, ఇంకో మెట్టుకి నలభైవేలు, ఫుల్ ఫ్రేమ్ మెట్టుకైతే చెప్పుకోలేం. పేరు మాత్రం అదే.

మీ బిజినెస్ మొత్తం ఒక్క నమ్మకం మీద నడుస్తుంది. కెమెరాలన్నీ ఒకే నిచ్చెన మీద ఉన్నాయి, కింద మెట్టు మీద జేబు కెమెరా, పై మెట్టు మీద మిర్రర్‌లెస్, డబ్బులు వేసేకొద్దీ పైకి పోవడమే అని. ఆ నిచ్చెనే లేదు సార్. మీరే లెక్క చూడండి, మీకు లెక్కలు ఇష్టం కదా.

వన్ ఇంచ్ సెన్సర్ సైజు 13.2 బై 8.8 మిల్లీమీటర్లు, అంటే సుమారు 116 చదరపు మిల్లీమీటర్లు (ఇందులో ఇంచ్ ఎక్కడుందో వెతక్కండి, పాత టీవీ కెమెరా ట్యూబుల కాలం నాటి కొలత అది, మన రియల్ ఎస్టేట్ వాళ్ళ సూపర్ బిల్టప్ ఏరియా టైపు). ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్‌లో ఉండేది 23.5 బై 15.6, అంటే 367 దాకా. మూడు రెట్ల పైనే పెద్దది. ఇక్కడిదాకా మీరు గెలిచారు, కుర్రాడు కూడా ఇక్కడిదాకానే చెప్పాడు. కానీ ఆ మిర్రర్‌లెస్ డబ్బాలో పెట్టి ఇచ్చే మామూలు కిట్ లెన్స్ ఎఫ్ 3.5 (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు) దగ్గర మొదలై, జూమ్ చేస్తే 5.6 దగ్గర ఆగుతుంది. అదే కానన్ జీ7ఎక్స్ లాంటి జేబు కెమెరాకి అతికించి ఉన్న లెన్స్ ఎఫ్ 1.8 నుంచి 2.8. అంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వదుల్తుంది. పెద్దదాని సెన్సర్ మూడు రెట్లు పెద్దది, దాని లెన్స్ వదిలే వెలుతురు మాత్రం దాదాపు నాలుగో వంతు, ఇక సాయంత్రం ఏడింటికి ట్యూబ్‌లైటు కింద పిల్లాడి పుట్టినరోజు ఫొటో తీస్తే రెండూ ఇంచుమించు ఒకేలా వస్తాయి, మొగ్గు ఉంటే చిన్నదాని వైపే ఓ పిసరు ఉంటుంది. మరి ఆ పైన వేసిన డబ్బులు ఎటు పోయాయండి? లెన్స్ మార్చుకునే హక్కు కొనుక్కున్నాం అన్నమాట. మార్చుకుంటే మంచిదే. మార్చుకుంటారా?

నాకు తెలిసినవాళ్ళలో మిర్రర్‌లెస్ కొన్నవాళ్ళని చూస్తే, ఎక్కువమంది కెమెరాలకి ఆ కిట్ లెన్స్ షాపులో తగిలించిందే, ఈ రోజుకీ ఊడలేదు. ఊడదీస్తే దుమ్ము లోపలికి పోతుందని భయం. రెండో లెన్స్ కొందామంటే మళ్ళీ మీరొచ్చి "ఇది కాదు, ఇంకో పదివేలు వేస్తే..." అంటారు, దాంతో అదీ ఆగిపోతుంది. కెమెరా ఏమో బీరువాలో పట్టుచీరల పక్కన సిలికా జెల్ పొట్లాలతో కాపురం చేస్తుంటుంది. కాకినాడ, వైజాగ్ వైపు అయితే ఆ తేమకి లెన్స్ లోపల ఫంగస్ సాలెగూడులా పాకుతుంది, దానికోసం డ్రై క్యాబినెట్ అని ఇంకో పెట్టె, అక్కడ కూడా పెద్ద సైజుది చూపించడానికి మీరు రెడీ.

ఇక బరువు సంగతి. 2008లో పానాసోనిక్ జీ1 అనే మిర్రర్‌లెస్ వచ్చినప్పట్నుంచీ చెప్తున్నారు, లోపల అద్దం తీసేశాం, కెమెరా చిన్నదైపోయింది అని. నిజమే, అద్దం ఉండే పాతరకం కానన్ డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ తగిలించే మౌంట్ నుంచి సెన్సర్‌కి 44 మిల్లీమీటర్లు దూరం ఉంటే మిర్రర్‌లెస్‌లో 20 అయింది. అద్దం తీశారు, బాగుంది, లెన్సులో గాజు ఎవరు తీస్తారు? సోనీ ఏ7-4 బాడీ 658 గ్రాములు, దానికి 24-70 ఎఫ్ 2.8 కొత్త జీ మాస్టర్ లెన్స్ తగిలిస్తే అదొక్కటే 695 గ్రాములు. కెమెరా కన్నా కళ్ళజోడు బరువు ఎక్కువ. అదే సోనీ వాళ్ళ జేబు కెమెరా, 2012లో వచ్చిన మొదటి ఆర్ఎక్స్100 అయితే బ్యాటరీ, కార్డుతో కలిపి 240 గ్రాములు. రివ్యూల్లో మాత్రం, మిర్రర్‌లెస్‌కి సన్నటి కిట్ లెన్స్ పెడితే కోటు జేబులో పట్టేస్తుంది అంటారు. మే నెలలో విజయవాడలో కోటు వేసుకుని తిరిగేది ఎవరండీ, వకీళ్ళు తప్ప?

ఇలా అని మిర్రర్‌లెస్ దండగ అంటున్నా అనుకోకండి, అది వేరే పని చేసే మనిషి. చలికాలం సూళ్ళూరుపేట వెళ్ళి పులికాట్ సరస్సు గట్టు మీద నిలబడి జేబు కెమెరాతో ఫ్లెమింగోని తియ్యండి, నీళ్ళ మీద సున్నం చుక్క పడినట్టు ఉంటుంది. అక్కడ 400 మిల్లీమీటర్ల పైన లెన్స్ ఉండాలి, రెక్కలు విప్పిన పక్షి కన్ను పట్టుకుని వదలని ఫోకస్ ఉండాలి, అది మిర్రర్‌లెస్‌కే చెల్లింది. కూచిపూడి ప్రోగ్రాం మూడో వరసలోంచి తియ్యాలన్నా 85 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి చేతిలో ఉంటే ఆ హాయే వేరు. అందుకని కెమెరా అడిగేవాళ్ళని నేను ఒక్కటే అడుగుతా, రెండో లెన్స్ ఏది కొంటావు, ఎప్పుడు కొంటావు? టక్కున పేరు చెప్తే మిర్రర్‌లెస్ తీసుకో. "చూద్దాంలే తర్వాత" అంటే జేబుది తీసుకో. ఇందులో మీకు సీటు లేదని తెలుసు, అందుకే మీకు నచ్చదు.

పెద్ద కెమెరా వల్ల ఫొటోలో ఉన్నవాళ్ళు ఏమైపోతారో మీరు ఎప్పుడైనా చూశారా? లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే దగ్గరికి ఫ్రెండు మిర్రర్‌లెస్ పట్టుకుని వెళ్ళా. ఆయన బొగ్గుల వేడి మీద లక్క ముద్ద మెత్తబెట్టి, తాడులా లాగి, రింగుకి చుట్టి, ఒక్కో అద్దం రాయీ పట్టుకారుతో అద్దుతున్నాడు, వేళ్ళ కొసలు నల్లగా మెరుస్తున్నాయి. నేను కెమెరా ఎత్తగానే పట్టుకారు కింద పెట్టి, చొక్కా సర్దుకుని, జుట్టు దువ్వుకుని "ఏ చానెల్ సార్?" అన్నాడు. చానెల్ కాదు భయ్యా ఊరికే అంటే నమ్మలేదు, పక్క షాపతన్ని కూడా పిలిచి నిలబెట్టాడు, ఇద్దరూ పాస్‌పోర్ట్ ఫొటోలా చూస్తున్నారు. లక్క గట్టిపడిపోయింది. అదే చోటికి తర్వాత జేబు కెమెరాతో వెళ్తే ఒకసారి తలెత్తి చూసి, నవ్వి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఈ సౌకర్యానికి సెన్సర్ సైజు టేబుల్‌లో కాలమ్ ఉండదు కదా, రికో జీఆర్-3 లాంటి జేబు కెమెరాలని వీధి ఫొటోల వాళ్ళు వదలనిది ఇందుకే, 257 గ్రాముల్లో ఏపీఎస్-సీ సెన్సర్ పెట్టి, జూమ్ కూడా లేకుండా అమ్మితే కొన్నారంటే చూడండి. మీ నిచ్చెన మీద దాన్ని ఏ మెట్టున కూర్చోబెడతారో చెప్పండి, నేనూ వింటా.

పెళ్ళిళ్ళ సంగతి సరేసరి. మెడలో మిర్రర్‌లెస్ కనపడిందంటే "వీడి దగ్గర పెద్ద కెమెరా ఉందిగా" అని ఇక జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా నువ్వే. భోజనం ఆఖరి బంతిలో, అప్పటికి గారెలు అయిపోతాయి. అసలు ఫొటోగ్రాఫర్ ఏమో "కొంచెం పక్కకి జరగండి సార్" అని మోచేత్తో తోస్తుంటాడు. ఒక్కోటి 24 ఎంబీల రా ఫైళ్ళు (కెమెరా మెరుగులు దిద్దకుండా ఇచ్చే ముడి ఫొటోలు) తీసుకొచ్చి రాత్రుళ్ళు కూర్చుని రంగులు సరిచేస్తే, పిన్ని వాటిని వాట్సాప్‌లో పెట్టమంటుంది, పెట్టాక "నా ఫోన్‌లోదే బాగుందిరా, ఇందులో నల్లగా ఉన్నా" అంటుంది. జేబు కెమెరా వాడు మాత్రం గారెలు తిన్నాడు.

ఒక్క చోట మాత్రం మీరు చెప్పింది కరెక్టు, ఒప్పుకుంటా. బాగా చవగ్గా దొరికే బుల్లి కెమెరాల్లో ఉండే 1/2.3 ఇంచ్ సెన్సర్ అంతా కలిపి 28 చదరపు మిల్లీమీటర్లు, ఇప్పటి మంచి ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్ దానికన్నా పెద్దది. జూమ్ కోసమో, ఆ టప్పున వెలిగే ఫ్లాష్‌తో పాతకాలం ఫొటోలా రావాలనో అయితే సరే, క్వాలిటీ కోసం అయితే దాని బదులు ఫోన్ తుడిచి తీసుకుంటే చాలు. అక్కడ ఇంకో పదివేలు వెయ్యమన్నందుకు కృతజ్ఞతలు. అక్కడితో మీరు ఇంటికి వెళ్ళిపోయి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

అసలు కంపెనీలే మిమ్మల్ని దత్తత తీసుకున్నాయి లెండి. 2010లో ప్రపంచం మొత్తానికి జపాన్ కంపెనీలు పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైన, 2023కి వచ్చేసరికి 80 లక్షలు కూడా లేవు, మధ్యలో ఫోన్లు తినేశాయి. ఇక ఉన్న నలుగురి దగ్గరే ఎక్కువ గుంజాలి కదా. ఆర్ఎక్స్100 మొదటిది 650 డాలర్లు, 2019లో ఏడోది 1200 డాలర్లు. తమాషా ఏంటంటే ఐదోదాంట్లో లెన్స్ ఎఫ్ 1.8-2.8 ఉండేది, ఆరూ ఏడూ వచ్చేసరికి 200 మిల్లీమీటర్ల దాకా జూమ్ ఇచ్చి ఎఫ్ 2.8-4.5 చేసేశారు. డబ్బులు ఎక్కువ, వెలుతురు తక్కువ. ఏడోదాని కన్నా వాడిన ఐదోది రాత్రిపూట ఇంట్లో బాగా తీస్తుందంటే, మరి పైమెట్టు ఏది, కిందమెట్టు ఏది సార్?

జేబు కెమెరాకి వంకలు లేవా అంటే ఉన్నాయి. జీ7ఎక్స్ మార్క్ 3 బ్యాటరీ, కానన్ లెక్క ప్రకారం, 235 ఫొటోలకి అయిపోతుంది, జేబులోని నూగంతా ముడుచుకునే లెన్స్‌లోకి వెళ్తుంది, సెన్సర్ మీద మచ్చ పడితే ఇంట్లో తుడుచుకునే వీలు లేదు. తెలిసే కొన్నా. అవును, కొనేశా, చేతులు మారిన వన్ ఇంచ్‌ది, లెన్స్ బయటికొచ్చేటప్పుడు జిర్రుమని చప్పుడు చేస్తుంది, ఫొటోలు బాగానే ఉన్నాయి. మీకు చెప్పకుండా కొన్నందుకు బాధపడి ఉంటారని తెలుసు. అంత ఉదారంగా ఉండాలని ఉంటే ఒక్కసారి నా జేబులోంచి కాకుండా మీ జేబులోంచి రండి, క్యూఆర్ కోడ్ పంపిస్తా, స్కాన్ చేసి పదివేలూ వేసెయ్యండి, రెండో బ్యాటరీ కొనుక్కుంటా.

ఇట్లు,
ఇంకా మూసెయ్యని కంపారిజన్ ట్యాబుల యజమాని

తా.క.: బిల్లింగ్ కౌంటర్ దగ్గర మీ తమ్ముడు ఎక్స్‌టెండెడ్ వారంటీ గారు కలిశారు. వాడిన కెమెరాకి కూడా వస్తుందట సార్, ఇంకో రెండువేలే అన్నారు. అచ్చం మీ పోలికే, కాస్త బక్కగా ఉన్నారంతే.