సారాంశం ఉచితం, వైద్యం మీ ఇష్టం

పరిశోధన పత్రాలకు తాళం వేసి మా డాక్టర్లకి చదివే శ్రమ తప్పిస్తున్న విదేశీ ప్రచురణకర్తలకు గుంటూరు కొత్తపేటలో పౌర సన్మానం జరగాలని నా ప్రతిపాదన. శాలువా ఖర్చు నాది.

మొన్న ఓపీ అయ్యేసరికి రాత్రి పదకొండు. ఒక పెద్దాయనకి క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు కాస్త మొరాయిస్తున్నాయన్నమాట, వాడుతున్న మాత్ర డోసు తగ్గించాలా వద్దా అని డౌటొచ్చి, వైద్య పరిశోధన పత్రాలు వెతికిపెట్టే పబ్‌మెడ్ వెబ్‌సైట్ తెరిచాను. 1997 నుంచీ అందరికీ ఉచితమే కదా. ఉచితమే, సారాంశం వరకూ. అందులో కొందరు రోగుల విషయంలో జాగ్రత్త అవసరమని రాసుంది. ఆ కొందరెవరో తెలియాలంటే 35 డాలర్లు కట్టాలి, అంటే మూడు వేల పైమాటే. నా ఫీజు మూడొందలు. పది, పదకొండు మందిని చూస్తే పేపర్లో ఒక పట్టిక చూడొచ్చన్నమాట. బెజవాడ దుర్గమ్మ కొండ మీద ఉచిత క్యూలో నిలబడ్డవాడికి కూడా చివరికి అమ్మవారు కనపడుతుంది, ఇక్కడ ధ్వజస్తంభం దగ్గర్నుంచే పంపించేస్తారు.

పోనీ ఆ డబ్బు రాసినవాళ్ళకి పోతుందా అంటే, వాళ్ళకి పైసా ఇవ్వరు. తప్పులు చూసిపెట్టిన తోటి డాక్టర్లకీ మామూలుగా ఇవ్వరు. వడ్లు ఊరివి, దంపుడు ఊరిది, బియ్యం కొట్టు మాత్రం వేరేవాడిది.

మర్నాడు మందుల కంపెనీ రెప్ వచ్చాడు. ఆ మందు మీదే ఇంకో పేపరు, నున్నటి కాయితం మీద రంగుల్లో అచ్చేసింది, పెన్నుతో సహా ఫ్రీగా ఇచ్చాడు. గ్రాఫులో నిలువు గీత సున్నాకి బదులు 80 దగ్గర మొదలైంది, దాంతో రెండు శాతం తేడా కాస్తా కొండవీడు కోటంత కనపడింది. కిడ్నీల సంగతేంటయ్యా అంటే "మేనేజర్ని కనుక్కుని చెప్తాను సార్" అన్నాడు. పాపం, అతనికీ సారాంశమే ఇచ్చినట్టున్నారు.

కేంద్రం ఊరుకోలేదు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని 2024 నవంబరులో 6,000 కోట్లు మంజూరు చేసింది, మూడేళ్ళకి, దాదాపు 13,000 జర్నల్స్ (పరిశోధన పత్రికలు) చదువుకోడానికి. మంచి పనే, ఇది వెటకారం కాదు. కాకపోతే అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకి. కొత్తపేటలో సొంత క్లినిక్ పెట్టుకున్నవాడు ఆ నేషన్‌లో లేడు.

అందుకే ఇప్పుడు నా లైబ్రరీ మా మేనల్లుడు. గవర్నమెంటు కాలేజీలో పీజీ. "ఏ పేపరు మామయ్యా?" అంటాడు, అయిదు నిమిషాల్లో పీడీఎఫ్ వాట్సాప్‌లో ఉంటుంది. వచ్చే నెల వాడికి ఫైనల్ పరీక్షలు. అక్కయ్య దుర్గమ్మకి మొక్కుకుంది, పాసవ్వాలని. నేనూ మొక్కుకున్నాను, ఏమనో అక్కయ్యకి చెప్పలేదు.