బాలమురళి కథకి మహిమలెందుకు?

మన టీవీవాళ్ళు వాగ్గేయకారుడి (పాట తానే రాసి, తానే స్వరపరిచేవాడి) జీవితం తీశారంటే సగం ఎపిసోడ్లు దీపాలు వాటంతటవే వెలగడానికే సరిపోతాయి. రేపెవరైనా కర్ణాటక సంగీత విద్వాంసుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి మీద డాక్యుడ్రామా తీసినా ఆ దారే పడతారేమోనని నా భయం. తీయాల్సిందే, కాదనను. బెజవాడవాళ్ళం కదా, ముందు మనమే అడగాలి.

మహిమగా చూపించడానికి సరుకు బోలెడుంది. పసితనంలోనే తల్లి పోవడం, ఎనిమిదేళ్ళకే విజయవాడలో కచేరీ, పదిహేనేళ్ళు దాటకుండానే 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాలన్నిట్లోనూ, కృతులు. అన్నీ నిజాలే. కానీ వాటి వెనకున్న పని ఎవరు చూపిస్తారు? గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారిది త్యాగరాజస్వామి శిష్య పరంపర. ఆయన ఎదురుగా కూర్చున్న కుర్రాడు శంకరాభరణం రాగం పాడుతూ మధ్యమం (‘మ’ స్వరం) ఒక్కటీ మార్చి కల్యాణి రాగంలోకి వెళ్ళాడనుకోండి. సంగీతం రానివాడికి కూడా ఆ తేడా తెలిసేలా ఒక్క సీను రాయమనండి. దానికి గ్రాఫిక్స్ అక్కర్లేదు.

అసలు డ్రామా బాలమురళి తాను సృష్టించానన్న మహతి రాగం దగ్గరుంది. స, గ, ప, ని. నాలుగే స్వరాలు. ఆరోహణకైనా అవరోహణకైనా కనీసం ఐదుండాలన్నది సంప్రదాయం. నాలుగింటిని రాగమంటే ఎలా, పైగా నేనే సృష్టించానంటే ఎలా అని వీణ ఎస్. బాలచందర్ గట్టిగా నిలదీశారు. సీరియల్ వాళ్ళ చేతిలో పడితే ఆయన్ని విలన్ చేసేస్తారు, మీసం ఒక్కటే తక్కువ! ఆయనా మహా వైణికుడే, ఆయన వాదన కొట్టిపారేసేది కాదు. నా ఓటు బాలమురళికే. రాగం నిలిచేది లెక్కతో కాదు, పాడితే దానికో ముఖం కనబడాలి. మహతికి అది కనబడుతుంది. అయినా రెండు వాదనలూ పూర్తిగా వినిపించి, తీర్పు చూసేవాళ్ళకి వదిలేయాలి.

బెజవాడ అనగానే ప్రకాశం బ్యారేజీ మీద డ్రోన్ తిప్పేసి ఊరుకుంటే కుదరదు. 1948లో మొదలైన ఆకాశవాణి కేంద్రం, పొద్దున్నే ఇంటింటా మోగిన దాని భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజని, ఆయన తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ప్రభుత్వ సంగీత కళాశాల ఉండాలి. పిల్లలకి పాఠం చెప్పే బాలమురళిని ఎంతమంది ఊహించుకున్నారు?

సినిమా నైట్లకి మన సంఘాలు పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్ళిస్తే నిర్మాత దొరక్కపోడు. డబ్బిచ్చేటప్పుడే ఓ షరతు పెట్టాలి: మహతి పాడే సీనులో వెనక కీబోర్డు వాయించకూడదు.