నా 58, మీ 72: ఎవరు ఫిట్?

పొద్దున్నే పార్కులో నడిచేవాళ్ల కబుర్లలో షుగర్, బీపీల సరసన ఇప్పుడు మరో అంకె చేరింది. స్మార్ట్ వాచీ చూపించే రెస్టింగ్ హార్ట్ రేట్. ఏ పనీ చేయకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఆ లెక్క. ‘నాది 58’ అని ఒకాయన అనగానే 76 ఉన్నాయన మొహం చిన్నబోతుంది. తక్కువ ఉంటే ఫిట్, ఎక్కువ ఉంటే కాదు అన్నది అందరి నమ్మకం. అందులో నిజం ఉంది, కానీ మనం అనుకున్నంత లేదు.

ఉన్న నిజం సంగతి ముందు చూద్దాం. విశ్రాంతిలో ఉన్న శరీరానికి నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం కావాలి. మామూలు గుండె ఒక్కో దెబ్బకు 70 మిల్లీలీటర్ల దాకా పంపిస్తుంది కాబట్టి 70 చిల్లర దెబ్బలతో పని జరిగిపోతుంది. ఏళ్ల తరబడి పరుగో సైక్లింగో సాధన చేసినవాళ్ల గుండె గదులు పెద్దవై ఒక్కో దెబ్బకు 100 మిల్లీలీటర్లు పంపగలవు. వాళ్లకు 50 దెబ్బలు చాలు. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీని 1991 నుంచి 1995 దాకా వరసగా ఐదుసార్లు గెలిచిన స్పెయిన్ ఆటగాడు మిగెల్ ఇందురాయిన్ గుండె వేగం 28 అని చెబుతారు.

అయితే అది ఇందురాయిన్ సంగతి. రోజూ నలభై నిమిషాలు నడిచే మన సంగతేంటి? అమెరికా, కెనడాల్లో కుటుంబాలకు కుటుంబాలనే తీసుకుని 20 వారాలపాటు పద్ధతిగా వ్యాయామం చేయించిన హెరిటేజ్ అధ్యయనంలో గుండె వేగం తగ్గింది సగటున మూడు నాలుగు దెబ్బలే. అదే సమయంలో వాళ్ల దమ్ము మాత్రం బాగా పెరిగింది. కాబట్టి రెండు నెలలు నడిచి, వాచీలో అంకె కదల్లేదని నడక మానేసేవాళ్లు తప్పుడు లెక్క చూసి మానేస్తున్నట్టే.

పక్కవాళ్లతో పోల్చుకోవడం ఇంకా అర్థం లేని పని. అమెరికాలో 92 వేలమందికి పైగా జనం పెట్టుకున్న, గుండె వేగం కొలిచే చేతి పట్టీల సమాచారాన్ని పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో మనుషుల సగటు గుండె వేగం 40 నుంచి 109 దాకా ఉంది. వయసు, ఒళ్లు, నిద్ర, ఆడా మగా తేడా అన్నీ కలిపి చూసినా ఈ తేడాలో కొద్ది భాగాన్నే వివరించగలిగారు. కానీ ఒకే మనిషిని తీసుకుంటే వారం వారం వేగం పెద్దగా మారలేదు. ఎవరి అంకె వాళ్లదే అన్నమాట.

పైగా అంకె తగ్గడానికి వ్యాయామం ఒక్కటే దారి కాదు. బీపీకి అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు మన ఇళ్లలో బోలెడుమంది. గుండె వేగాన్ని తగ్గించడం ఆ మాత్రల పనే. మాత్ర వేసుకుని, వాచీలో 56 చూసి, ‘ఈ వయసులోనూ నా గుండె కుర్రాడిదే’ అని పొంగిపోయే పెద్దాయనకు ఆ మాట చెప్పి ఉసూరుమనిపించడం ఎందుకులే అనిపిస్తుంది. కానీ థైరాయిడ్ మందగించినా, గుండెను కొట్టించే కరెంటు సంకేతాల దారి దెబ్బతిన్నా అంకె అలాగే పడిపోతుంది. అది సంతోషించాల్సిన విషయం కాదు.

ఎక్కువ ఉన్నవాళ్లదీ ఇదే కథ. రక్తం తక్కువైతే ఉన్న కాస్త రక్తంతోనే ఆక్సిజన్ అందించడానికి గుండె పరుగు పెడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 92 చూపించిన ఇల్లాలికి ‘నువ్వు వాకింగ్ చెయ్యవు, అందుకే’ అని ఇంట్లోవాళ్లు క్లాసు పీకుతారు. ఆమెకు కావాల్సింది క్లాసు కాదు, హిమోగ్లోబిన్ పరీక్ష.

అలాగని ఈ అంకెను తీసిపారేయడానికీ లేదు. కోపెన్‌హాగన్‌లో సుమారు 2,800 మంది మగవాళ్లను 16 ఏళ్లపాటు గమనించి 2013లో ఫలితాలు వెల్లడించారు. విశ్రాంతిలో గుండె వేగం 90 దాటినవాళ్లకు, 50 లోపు ఉన్నవాళ్లతో పోలిస్తే మరణం ముప్పు మూడింతలు కనిపించింది. నాకు ఆసక్తి కలిగించిన సంగతి మరొకటి. ఫిట్‌నెస్‌ను విడిగా కొలిచి, ఆ ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసినా ముప్పు మిగిలే ఉంది. అంటే గుండె వేగం చెప్పేది వేరు, ఫిట్‌నెస్ చెప్పేది వేరు. ఒకదాన్ని చూసి రెండోదానికి మార్కులు వేయకూడదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ మాటకొస్తే కానిస్టేబుల్ ఉద్యోగాలకు మన దగ్గర అబ్బాయిలను 1600 మీటర్లు పరిగెత్తించి చూస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి నాడి చూసి మార్కులు వేయరు. దమ్మెంతో తెలిసేది కష్టపడినప్పుడే. ఆ కష్టం ఆగిన తర్వాతి నిమిషం కూడా చాలా చెబుతుంది. వ్యాయామం ఆపిన మొదటి నిమిషంలో గుండె వేగం 12 దెబ్బలకు మించి తగ్గనివాళ్లకు ముప్పు ఎక్కువని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 1999లోనే చూపించారు. పార్కులో పోటీ తప్పదనుకుంటే గబగబా నాలుగు రౌండ్లు కొట్టి, ఆగాక ఎవరి గుండె ముందు నెమ్మదిస్తుందో చూసుకోవచ్చు. ఇదీ ఇంటి లెక్కే గానీ, కూర్చుని చెప్పే 58 కంటే నయం.

మరి రెస్టింగ్ హార్ట్ రేట్ దేనికి పనికొస్తుంది? మీ నిన్నటితో మీ ఇవాళ్టిని పోల్చుకోవడానికి. మామూలుగా 66 ఉండేది నాలుగైదు రోజులుగా 75 ఉంటే ఏదో తేడా ఉన్నట్టే. జ్వరం రాబోతోందేమో, నిద్ర చాలడం లేదేమో, ఆఫీసు టెన్షనో, ఎండల్లో నీళ్లు సరిగా తాగకపోవడమో, రాత్రి మందు పార్టీయో. వాచీ లేకపోయినా ఫర్వాలేదు. నిద్ర లేచాక మంచం దిగకముందే మణికట్టు మీద, బొటనవేలి మొదలు కింద, రెండు వేళ్లు ఆనించి నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. బొటనవేలితో చూడొద్దు, దానికీ సొంత నాడి ఉంటుంది. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే, ఒక్క దెబ్బ తప్పినా లెక్కలో నాలుగు తేడా వస్తుంది. వాచీ మారిస్తే పాత అంకెలతో పోల్చొద్దు. కొన్ని వాచీలు నిద్రలో వేగాన్ని కూడా కలుపుతాయి, కొన్ని కలపవు.

పెద్దవాళ్లకు 60 నుంచి 100 మధ్య మామూలే అంటారు వైద్యులు. ఊరికే కూర్చున్నా రోజుల తరబడి 100 దాటుతుంటే ఈసీజీతో పాటు రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. 50 లోపు ఉండి కళ్లు తిరుగుతున్నా, స్పృహ తప్పినట్టవుతున్నా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, వేసుకుంటున్న మాత్రల చీటీ వెంటబెట్టుకుని మరీ.